హిమగిరి అడవుల్లో చిట్టి కొలనులు

హౌరా నుండి ఒక రాత్రి రైలు ప్రయాణం, ఆపైన కొన్ని గంటల కొండదారి. ఆ దారి చివర ఉన్న సరస్సులు కన్నులకు విందు చేస్తాయి. చూసివచ్చే పద్ధతి మనకు తెలియకపోతే, అంత త్వరగానూ నశిస్తాయి.

నదికి ప్రవాహమే ప్రాణరక్ష. తనలో పడిన మలినాన్ని అది కొంత దూరమైనా మోసుకొని పోతుంది. వానకాలం వచ్చిందంటే తన గర్భాన్ని తానే కడుగుకొంటుంది. కొలనుకు ఆ భాగ్యం లేదు. దానిలో చేరినది చాలావరకు దానిలోనే ఉండిపోతుంది. రాలిన ఆకు, జారిన మన్ను, మనిషి విసిరివేసిన కాగితపు పొట్లం—అన్నీ అడుగుకు చేరి, అంగుళం అంగుళంగా నీటి చోటును ఆక్రమిస్తాయి. కొలను చిన్నదైనకొద్దీ దాని ఆయుర్దాయం మనిషి నడవడి మీద ఆధారపడుతుంది. తూర్పు హిమాలయాలలోని చిన్న సరస్సుల దర్శనానికి బయలుదేరే యాత్రికుడు గ్రహించవలసిన మొదటి సంగతి ఇదే.

తెలుగునాట నుండి ఆ సరస్సులకు పోయే దారి సాధారణంగా హౌరా మీదుగానే సాగుతుంది. దక్షిణం నుండి వచ్చే రైలు హౌరా చేరడానికి కొద్ది నిమిషాల ముందు దాటిపోయే చివరి స్టేషను టికియాపారా. యాత్రికుని దృష్టి అప్పటికే సామాను సర్దుకోవడం మీద ఉంటుంది గనుక ఆ పేరును చదివేవారు అరుదు. అయినా రైళ్ళ లోకంలో టికియాపారా స్థానం చిన్నది కాదు. సుదూర ప్రయాణాలు ముగించుకొని దుమ్ము కొట్టుకొని వచ్చిన పెట్టెలు ఇక్కడి యార్డులలో స్నానం చేస్తాయి. చక్రాలకు పరీక్షలు, బ్రేకులకు మరమ్మతులు జరిగి, కొత్త ప్రయాణానికి సిద్ధమై ప్లాట్‌ఫారాలకు మరలిపోతాయి. సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తున, బురదనేలల మధ్య, కర్మాగారాల నడుమ ఉన్న పేట అది. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ రైలుదారి ఇంటి ముందరి వీధివంటిది.

ఈ పల్లపు నేల నుండి ఉత్తరంగా సుమారు 560 కిలోమీటర్లు పోతే న్యూ జల్పాయిగురి. ఫరక్కా బ్యారేజి మీదుగా గంగను దాటి పోయే రైలులో ఒక రాత్రి నిద్రపోతే చాలు, తెల్లవారేసరికి ఉత్తరదిక్కున కొండల నీలిగీత కనబడుతుంది. 2022 డిసెంబరు 30న ప్రారంభమైన వందే భారత్ రైలు ఈ దూరాన్ని ఎనిమిది గంటల లోపుననే గడుపుతున్నది. ప్రయాణం ఇంత సులభం కావడం మంచిదే. అయితే, చేరడానికి వారాలు పట్టిన కాలంలో ఆ కొలనులను కాపాడినది వాటి దూరం. ఆ దూరం ఇప్పుడు తరిగిపోయింది. ఇక కాపాడవలసినది ఏమిటన్నదే ప్రశ్న.

పేర్లలో దాగిన హెచ్చరిక

డార్జిలింగ్ కొండలలో పల్లెల పేర్లు చదవడం ఒక విద్య. నేపాలీ భాషలో 'పోఖ్రి' అంటే కొలను. డార్జిలింగ్ నుండి పశ్చిమంగా, నేపాలు సరిహద్దు వైపు పోయే దారిలో సుఖియాపోఖ్రి అనే చిన్న ఊరు తగులుతుంది. ఆ పేరుకు అర్థం 'ఎండిన కొలను'. ఒకనాడు అక్కడ నీరు ఉండేదని చెప్పడానికి ఇప్పుడు మిగిలిన సాక్ష్యం ఆ పేరు. తెలుగువారికి ఇది వింతగా తోచదు. హైదరాబాదులో మాసాబ్ ట్యాంక్ అన్న పేట ఉన్నది, ట్యాంకు లేదు. హయాత్ బక్షీ బేగం పేరిట వెలసిన ఆ చెరువు పేరులో మాత్రమే నిలిచింది. నీటి కంటె నీటి పేరుకే ఆయుష్షు ఎక్కువ!

సుఖియాపోఖ్రికి కొద్ది దూరంలోనే, సుమారు 7,400 అడుగుల ఎత్తున, జోర్‌పోఖ్రి ఉన్నది. 'జంట కొలనులు' అని దాని అర్థం. ఆకాశాన్ని అంటే చెట్ల మధ్య, తరచుగా పొగమంచు కమ్మి ఉండే ఈ చోటును 1985లో అభయారణ్యంగా ప్రకటించారు. దాని వైశాల్యం నాలుగు హెక్టార్లు, అనగా పది ఎకరాలు. పది ఎకరాల అభయారణ్యం ఎవరికోసం? పులి కోసం కాదు, ఏనుగు కోసం కాదు. జానెడు పొడవుండే సాలమాండర్ అనే ప్రాణి కోసం.

చూపులకు బల్లిని పోలి ఉన్నా ఇది కప్పకు బంధువు. మన దేశంలో కప్పలు వందల రకాలు. తోకతో బ్రతికే ఉభయచరాలు మాత్రం ఈ ఒక్క ప్రజాతికి చెందినవే. వీటి హిమాలయ శాఖ ప్రత్యేక జాతి అని శాస్త్రజ్ఞులు 2015లో నిర్ణయించారు. సంవత్సరంలో ఎక్కువ కాలం ఇది రాళ్ళక్రింద, కుళ్ళిన ఆకుల పొరలలో దాగి ఉంటుంది. తొలి వానలు పడగానే బద్ధకంగా నడుచుకొంటూ కొలను చేరి, నీటి మొక్కలకు గ్రుడ్లను అంటించి, వానకారు ముగిసే వేళకు తిరిగి అడవికి పోతుంది. దానికి కావలసినది మహాసరస్సు కాదు: మోకాటిలోతు నీరు, గట్టున నాచు, గట్టు దాటగానే అడవి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా దాని వంశం నిలువదు. యాత్రికుని సౌకర్యం కోసం గట్టుకు సిమెంటు కట్టి, చుట్టూ చదును చేసి, పూలకుండీలు పేర్చినప్పుడు కొలను అందగించినట్లు కనబడవచ్చు. సాలమాండర్‌కు మాత్రం ఇంటి తలుపు మూసుకొన్నట్లే.

ఈ ప్రాంతంలో మనిషి కట్టిన సరస్సులు కూడా లేకపోలేదు. డార్జిలింగ్ పట్టణానికి త్రాగునీరు ఇవ్వడానికి సెంచల్ అడవిలో 1910లో ఒకటి, 1932లో మరొకటి జలాశయాలు నిర్మించారు. సుమారు 4,900 అడుగుల ఎత్తున మిరిక్‌లో ఉన్న సుమేందు సరస్సు 1970లలో ఏర్పరచినది. ఒక ప్రక్క దేవదారు వనం, నడుమ కాలివంతెన, నీటిలో పడవలు ఉంటాయి. పిల్లాపాపలతో పోయేవారికి అది ఆహ్లాదకరమైన మజిలీ. కాని కొండ కొలను స్వభావం తెలియాలంటే ఇంకా పైకి పోవాలి.

గడ్డకట్టని నల్లనీరు

సుఖియాపోఖ్రి దాటితే మానేభంజన్. పాతకాలపు లాండ్ రోవరు బళ్ళకు పేరుమోసిన ఈ ఊరి నుండి సింగాలీలా పర్వతశ్రేణి మొదలవుతుంది. శ్రేణి వెన్నుపూస మీదుగా భారత–నేపాలు సరిహద్దు సాగుతుంది; కాలిబాట ఒకసారి ఈ దేశంలో, ఒకసారి ఆ దేశంలో అడుగుపెడుతుంది. 1992లో జాతీయవనంగా రూపొందిన సింగాలీలా అడవి ఎర్రపాండాకు ఆవాసం. మార్చిలో మాగ్నోలియాలు, ఏప్రిల్–మే నెలలలో గురాస్ అని స్థానికులు పిలిచే రోడోడెండ్రాన్‌లు కొండచరియలను ఎరుపు, గులాబి, తెలుపు రంగులతో నింపుతాయి.

ఈ దారిని మొదట లోకానికి వర్ణించి చెప్పినవారిలో ముఖ్యుడు ఆంగ్ల వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ డాల్టన్ హుకర్. 1848 మే నెలలో ఆయన ఈ శ్రేణిలోని టోంగ్లూ శిఖరం ఎక్కాడు. ఆ సంవత్సరంలోనూ మరుసటి సంవత్సరంలోనూ సిక్కిం అంతటా తిరిగి, టిబెట్ సరిహద్దున తీస్తా జన్మస్థానమైన చోలామూ సరస్సు వరకు పోయాడు. 1854లో వెలువడిన ఆయన యాత్రాగ్రంథం 'హిమాలయన్ జర్నల్స్' నేటికీ ఈ కొండల గురించి ప్రామాణికమైన మొదటి గ్రంథాలలో ఒకటి.

టోంగ్లూ నుండి దిగి, గైరీబాస్ లోయ దాటి, మరల ఎక్కితే పదివేల అడుగులకు పైచిలుకు ఎత్తున కాలీపోఖ్రి కనబడుతుంది. పేరుకు తగినట్లే నీరు నల్లగా ఉంటుంది. దాని వైశాల్యం తెలుగుదేశపు పల్లెటూరి ఊరకుంటను మించదు. గట్టు చుట్టూ గాలికి రెపరెపలాడే బౌద్ధ ప్రార్థనాపతాకాలు; చుట్టూ మంచు పేరుకొన్నప్పుడు సైతం ఆ నీరు గడ్డకట్టదని స్థానికుల విశ్వాసం. ఆ నీటిని పవిత్రమని ఎంచి ఎవరూ అందులో దిగరు, బట్టలు ఉతకరు. ఇక్కడి నుండి ఒక పూట నడిస్తే 11,900 అడుగుల ఎత్తున సందక్‌ఫూ. ఆకాశం నిర్మలంగా ఉంటే కాంచన్‌జంగతోపాటు ఎవరెస్టు, లోత్సే, మకాలూ శిఖరాలు కూడ ఒకే చూపులో అందుతాయి. అంతటి మహాదృశ్యానికి పోయే తొందరలో యాత్రికులు కాలీపోఖ్రి వద్ద టీ త్రాగి, ఒక ఫోటో తీసుకొని కదిలిపోతారు. కాని ఎత్తైన ఈ వెన్నుమీద నీటివనరులు తక్కువ. పిడికెడు నీరు సైతం ఇక్కడి పక్షికి, పశువుకు, మనిషికి ఎంత విలువైనదో అర్థం కావాలంటే, వేసవిలో దప్పికతో ఆ ఏటవాలు ఎక్కి రావాలి.

ఆకు తేలని సరస్సు

సింగాలీలాకు ఉత్తరాన, పశ్చిమ సిక్కింలో, పెల్లింగ్ నుండి కొండదారిన పోయే దూరంలో ఖేచియోపాల్రి సరస్సు ఉన్నది. ఎత్తు సుమారు 5,600 అడుగులు. నాలుగు ప్రక్కలా దట్టమైన అడవి. ఆ అడవి మధ్య అద్దం బిగించినట్లు నిశ్చలమైన నీరు. దీనిని కోరికలు తీర్చే సరస్సు అని బౌద్ధులు, హిందువులు సమానంగా కొలుస్తారు. పై కొండ నుండి చూసినప్పుడు ఇది తారాదేవి పాదముద్ర ఆకారంలో కనబడుతుందంటారు.

ఈ సరస్సు పుట్టుక గురించి లెప్చాలు చెప్పే కథ ముచ్చటైనది. ఒకప్పుడు ఇది దురదగొండి మొక్కలు పెరిగే మేతబీడు. ఒకనాడు ఆకాశం నుండి రెండు శంఖాలు నేల మీద పడ్డాయి. భూమి కంపించి, పగిలి, ఊట పుట్టి ఆ బీడంతా నీటితో నిండిపోయింది. శాస్త్రజ్ఞులు చెప్పే కథ వేరు: పూర్వకాలపు మంచునది ఒకటి కొండను దొలిచి వదిలిపోయిన గుంటలో నీరు నిలిచి ఈ సరస్సు ఏర్పడిందని వారి అభిప్రాయం. రెండు కథలకూ సామాన్యమైన విషయం ఒకటున్నది—ఈ నీరు మనిషి సంపాదించినది కాదు, ఆయాచితంగా లభించినది.

దీని నీటి మీద ఆకు తేలదనీ, పడిన ఆకును పక్షులు వెంటనే ముక్కున కరచుకొని పోతాయనీ ప్రతీతి. ఈ నమ్మకంలో నిజమెంత అని వాదించడం కంటె, దాని ఫలితాన్ని గమనించడం మేలు. పక్షులే శుభ్రపరుస్తున్న నీటిలో మనిషి చెత్త వేయడానికి జంకుతాడు. స్నానం, ఈత, పడవ షికారు, చేపల వేట ఇక్కడ నిషిద్ధం. నీటిపైకి కట్టిన చెక్కవంతెన మీదికి పాదరక్షలు విడిచిపోవాలి. వంతెనకు వరుసగా అమర్చిన ప్రార్థనాచక్రాలను త్రిప్పుతూ పోయి, నీటి అంచున దీపం, ధూపం సమర్పించి వెనుదిరగాలి. చేపలు నిర్భయంగా పాదాల దగ్గరికి వస్తాయి. హుకర్ కూడ ఈ సరస్సును సందర్శించి, బురదనాచుతో నిండిన దాని గట్లను గురించి వ్రాశాడు.

ఆ నాచునేలలోనే సరస్సుకు పొంచి ఉన్న ప్రమాదం కనబడుతుంది. నిండుగా కనబడే ఈ నీటి వైశాల్యం నిజానికి నాలుగు హెక్టార్లకు లోపే; దానిని చుట్టుకొని ఉన్న నాచుబురద నేల అంతకంటె ఎక్కువ. లోతు అత్యధికంగా పదకొండు మీటర్లు. పై వాలులలో చెట్లు నరికినచోట, పశువులు మేసినచోట, దారులు తవ్వినచోట వానకు కొట్టుకొనివచ్చిన మన్ను వాగుల వెంట సరస్సులోకి చేరుతుంది. మన్ను చేరినచోట నాచు పెరుగుతుంది. నాచు చచ్చి మట్టి అవుతుంది. ఆ మట్టి మీద గడ్డి, గడ్డి మీద పొద, పొద వెంట చెట్టు వస్తాయి. ఈ విధంగా ప్రతి సరస్సూ ఏనాటికో ఒకనాటికి నేలగా మారవలసినదే. అది ప్రకృతి ధర్మం. కాని వేల ఏండ్లలో జరగవలసిన ముసలితనం కొన్ని తరాలలో ముంచుకొని రావడం ప్రకృతి చేసిన పని కాదు. నీటి మీద తేలే ఆకును పక్షి ఏరివేయవచ్చు. అడుగున పేరుకొనే ఒండ్రును ఏ పక్షి ఎత్తిపోయగలదు?

2025 ఫిబ్రవరిలో ఖేచియోపాల్రి, అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. సిక్కిం నుండి ఆ గౌరవం పొందిన మొదటి స్థలం ఇదే. నమ్మకం ఇన్నాళ్ళు ఒంటరిగా మోసిన బరువుకు చట్టం కూడ ఇప్పుడు ఒక భుజం పట్టింది.

ఇటువంటి కట్టుబాటు తెలుగువారికి క్రొత్త కాదు. తిరుమల శేషాచల అరణ్యాలలో తుంబురు తీర్థం, కుమారధార, రామకృష్ణ తీర్థం వంటి పుణ్యజలాలు ఎన్నో ఉన్నాయి. సామాన్య భక్తులు వేలాదిగా వాటికి పోయేది ఏడాదికొకసారి వచ్చే ముక్కోటి దినాలలోనే: రామకృష్ణ తీర్థానికి పుష్య పౌర్ణమి, కుమారధారకు మాఘ పౌర్ణమి, తుంబురు తీర్థానికి ఫాల్గుణ పౌర్ణమి. ఒక దినం జనానిది. మిగిలిన దినాలు చాలావరకు అడవివి. ఈ పంచాంగం భక్తి కోసం ఏర్పడినదే కావచ్చు. అయినా దాని నీడన అడవికి, నీటికి విశ్రాంతి లభించింది.

చెట్లు ఆగిపోయే చోట

పన్నెండు, పదమూడు వేల అడుగులు దాటేసరికి తూర్పు హిమాలయాలలో అడవి పలచబడుతుంది. వృక్షాలు పొదలవుతాయి, పొదలు గడ్డి అవుతాయి. అక్కడి సరస్సులు మంచు కరిగిన నీటితో, వాననీటితో నిండేవి. ఏడాదిలో కొన్ని నెలలు గడ్డకట్టి ఉండేవి.

వీటిలో అందరికంటె యాత్రికులకు సులభంగా అందేది సోమ్‌గో. గాంగ్‌టక్ నుండి నాథులా కనుమకు పోయే దారిలో 38 కిలోమీటర్ల దూరాన, సుమారు 12,300 అడుగుల ఎత్తున ఉన్నది. కిలోమీటరు పొడవు, 24 హెక్టార్ల వైశాల్యం. పూర్వం లామాలు దీని నీటి రంగును చూసి రాబోయే కాలాన్ని చెప్పేవారట. 2006లో తపాలాశాఖ దీని చిత్రంతో ఒక బిళ్ళను విడుదల చేసింది. బస్సులు, జీపులు నేరుగా గట్టుకు వచ్చి ఆగుతాయి గనుక, దుకాణాలు, అలంకరించిన జడల బర్రెలు, వేడి నూడిల్స్, అద్దె బూట్లు కూడ గట్టునే వెలిశాయి. వాటి వెంట చెత్త వచ్చింది.

ఇక్కడ జరిగిన ప్రయత్నం చెప్పుకోదగినది. సరస్సుల సంరక్షణకు సిక్కిం ప్రభుత్వం రూపొందించిన మార్గదర్శక సూత్రాల ననుసరించి, స్థానికులే సభ్యులుగా 2008లో 'పోఖ్రి సంరక్షణ సమితి' ఏర్పడింది. సరస్సు మీద బ్రతికేవారికే సరస్సును కాపాడే బాధ్యత అప్పగించడం దానిలోని కీలకం. దుకాణదారుకు నీరే పెట్టుబడి అని తెలిసిన తరువాత, చెత్తబుట్ట అతనికి పరాయి వస్తువు కాదు.

సిక్కింలో ఈ వివేకం ఇతరచోట్ల కూడ కనబడుతుంది. ఉత్తర సిక్కింలోని లాచెన్ గ్రామప్రజలు 2012లోనే ప్లాస్టిక్ నీటి సీసాలను తమ ఊరిలోకి రానివ్వరాదని తీర్మానించుకొన్నారు. పది సంవత్సరాల తరువాత, 2022 జనవరి 1 నుండి, చిన్న నీటి సీసాల నిషేధం రాష్ట్రమంతటికీ వర్తించింది. ఒక కుగ్రామం వేసిన అడుగులో రాష్ట్రం నడిచింది!

లాచెన్ నుండే 17,000 అడుగుల ఎత్తున ఉన్న గురుడోంగ్‌మార్‌కు దారి. ఘనీభవించిన సరస్సును గురు పద్మసంభవుడు తాకగా ఆ భాగం ఎన్నటికీ గడ్డకట్టకుండా పోయిందని, అది జనులకు త్రాగునీరయిందని ఐతిహ్యం. పశ్చిమాన, కాంచన్‌జంగ జాతీయవనంలో, యుక్సోమ్ నుండి నాలుగైదు రోజుల కాలినడకన సుమారు 14,000 అడుగుల ఎత్తున సమితి సరస్సు ఉన్నది. 2016లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితా కెక్కిన ఈ వనంలో, యుక్సోమ్–జోంగ్రి దారి వెంటనే డార్జిలింగ్‌లోని హిమాలయ పర్వతారోహణ సంస్థ తన విద్యార్థులను శిక్షణకు తీసుకొనిపోతుంది. 2014 మే 25న పదమూడేండ్ల ప్రాయంలో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆమెతో శిఖరం చేరిన ఆనంద్‌కుమార్ డార్జిలింగ్‌లో శిక్షణ పొందినవారే.

ఈ సందర్భంలో మరొక మే 25ను స్మరించడం ఉచితం. 1955లో అదే తేదీన జార్జి బాండ్, జో బ్రౌన్ అనే ఇద్దరు ఆంగ్లేయులు కాంచన్‌జంగ శిఖరాన్ని మొట్టమొదటిసారిగా చేరుకొన్నారు. 'చేరుకొన్నారు' అనడం పూర్తిగా సరికాదు. శిఖరాగ్రం కొద్ది అడుగుల దూరంలో ఉండగా ఆగిపోయారు. సిక్కిం ప్రజలు దైవంగా కొలిచే ఆ కొనను తొక్కబోమని వారి బృందం ముందుగా మాట ఇచ్చింది. చూసేవారెవరూ లేని 28,000 అడుగుల ఎత్తున ఆ మాట నిలిచింది. కొండ మీద మనిషి సాధించిన ఘనకార్యాలలో ఆ కొద్ది అడుగులు వేయకపోవడం కూడ ఒకటి.

సరస్సు కట్ట తెగిన రాత్రి

సరస్సులు ఎల్లప్పుడు సౌమ్యంగానే ఉంటాయనుకోవడం పొరపాటు. మంచునదులు వెనుకకు జరిగేటప్పుడు, తాము తోసుకొనివచ్చిన రాళ్ళు, ఇసుక, మట్టి కుప్పలను కట్టలవలె వదిలిపోతాయి. ఆ కట్టల వెనుక కరిగిన నీరు చేరి సరస్సవుతుంది. ఆ కట్టను ఇంజనీరు కట్టలేదు. రాళ్ళ మధ్య సున్నం లేదు, కొన్నిచోట్ల మంచే వాటిని పట్టి ఉంచుతుంది. వాతావరణం వేడెక్కినకొద్దీ ఒకవైపు నీరు పెరుగుతుంది, మరొకవైపు పట్టు సడలుతుంది.

సిక్కిం వాయవ్య మూలన, సుమారు 5,200 మీటర్ల ఎత్తున ఉన్న దక్షిణ ల్హోనక్ సరస్సు ఈ విధంగా పెరిగినదే. 1960ల నాటి ఉపగ్రహ చిత్రాలలో అది చిన్న మడుగు. ప్రమాదం పసిగట్టి 2016లో గొట్టాలు వేసి కొంత నీటిని బయటికి తోడారు, అది సరిపోలేదు. 2023 అక్టోబరు 3 అర్ధరాత్రి వేళ ప్రక్కనున్న ఘనీభవించిన కట్ట విరిగి నీటిలో పడింది. లేచిన పెద్ద అల అడ్డుకట్టను తెంచుకొని తీస్తా లోయలోకి దూకింది. చుంగ్‌థాంగ్ వద్ద 1,200 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రపు ఆనకట్ట కొట్టుకొనిపోయింది. వంతెనలు తెగాయి, సైనికులతో సహా ఎందరో ప్రాణాలు కోల్పోయారు.

ఆ విపత్తు ముందువెనుకల చిత్రాలను దేశానికి చూపినది హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం. సెప్టెంబరు 28న 167 హెక్టార్లున్న సరస్సు, అక్టోబరు 4 నాటికి 60 హెక్టార్లకు కుంచించుకొనిపోయిందని ఆ చిత్రాలు తేటతెల్లం చేశాయి. వంద హెక్టార్లకు పైగా నీటి చోటు ఒక్క రాత్రిలో ఖాళీ అయింది!

క్రింద, అడవిలో, మన్ను నిండి చిన్నదవుతున్న సరస్సు. పైన, మంచు అంచున, నీరు నిండి పెద్దదవుతున్న సరస్సు. ఈ రెంటిలోనూ మనిషి చేయి ఉన్నది. మొదటిది కొండవాలు మీది గొడ్డలి దెబ్బకు బదులు చెబుతున్నది; రెండవది ఎక్కడో మైదానాలలో మండే బొగ్గుకు, చమురుకు బదులు చెబుతున్నది. యాత్రికుడు సరస్సు గట్టుకు రాకపూర్వమే అతని ప్రభావం అక్కడికి చేరి ఉంటుంది.

దర్శన నియమాలు

అయితే ఈ కొలనులను చూడడానికి పోవడమే తప్పా? కాదు. చూడనిదానిని ప్రేమించడం కష్టం. ప్రేమించనిదానిని కాపాడడం మరీ కష్టం. పోయే విధానం తెలిసి పోవాలి.

మొదటిది కాలం. మార్చి నుండి మే వరకు పూలు, అక్టోబరు నుండి డిసెంబరు వరకు నిర్మలమైన ఆకాశం. వానకారులో జలగలు, కొండచరియలు విరిగిపడడం ప్రయాణానికి ఆటంకాలు. సింగాలీలా వనాన్ని జూన్ మధ్య నుండి సెప్టెంబరు మధ్య వరకు మూసివేస్తారు. అది సాలమాండర్ కొలనుకు పోయే కాలం; మనిషి ఇంటి పట్టున ఉండడమే న్యాయం.

రెండవది ఎత్తు. మైదానాల నుండి వచ్చినవాని రక్తం పలచని గాలికి అలవాటుపడడానికి వ్యవధి కావాలి. పదివేల అడుగులు దాటిన తరువాత, నిద్రించే చోటు ఎత్తు రోజుకు 1,500 అడుగులకు మించి పెరగకుండా చూసుకోవడం వైద్యుల సలహా. తలనొప్పి, వికారం, నిద్రలేమి తొలి హెచ్చరికలు. అవి ముదిరితే మందు ఒక్కటే—క్రిందికి దిగడం. గురుడోంగ్‌మార్ వద్ద వాయుపీడనం సముద్రతీరంలో ఉండేదానిలో సగానికి కొద్దిగా ఎక్కువ మాత్రమే. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు, వృద్ధులు, పసిపిల్లలు అక్కడికి పోయే సాహసం చేయకుండడం మంచిది. కంటికి కనబడే దూరం దగ్గరే అయినా, శ్వాసకు అది చాలా దూరం.

మూడవది అనుమతి. సోమ్‌గో, గురుడోంగ్‌మార్ సరిహద్దు సమీపాన ఉన్నందున భారతీయులకు సైతం ముందస్తు అనుమతిపత్రం అవసరం. గుర్తింపు కార్డు, ఫోటోలు దగ్గర ఉంచుకొంటే పని సులభమవుతుంది. దారులు తరచుగా మూసుకొనే ప్రాంతం గనుక, ఒకటి రెండు రోజులు అదనంగా చేతిలో ఉంచుకొని బయలుదేరడం వివేకం.

నాలుగవదే అన్నిటికంటె ముఖ్యం. సబ్బు, నూనె, తినుబండారం—ఏదీ నీటిని తాకరాదు. గట్టు మీది నాచును తొక్కరాదు. పాదం ఒక్క క్షణంలో అణచివేసిన నాచు తిరిగి తలఎత్తడానికి ఏండ్లు పట్టవచ్చు. బిగ్గరగా పాడి, పక్షిని బెదరగొట్టి, మౌనం కోసం ఇంత దూరం వచ్చామని చెప్పుకోవడంలో అర్థం లేదు. తీసుకొనిపోయిన ప్రతి వస్తువూ మరల క్రిందికి రావాలి. స్థానికుడు బూట్లు విడిచినచోట మనమూ విడవాలి. అతడు ఆగినచోట మనమూ ఆగాలి. అతని నమ్మకం మనకు లేకపోవచ్చు. ఆ నీరు నేటివరకు మిగిలినది అతని నమ్మకం వలననే.

ఈ కొలనులలో ఏ ఒక్కటీ దేశానికి విద్యుత్తు ఇవ్వదు, విస్తారమైన పొలాలను తడపదు. కొన్నింటిని ఒక గంటలో చుట్టి రావచ్చు. అంత చిన్నవి గనుకనే వాటి యెడల మన ప్రవర్తన మన స్వభావానికి గీటురాయి. పెద్ద నదిని గౌరవించడంలో భయం కలిసి ఉంటుంది. చిన్న కొలనును గౌరవించడంలో కలిసి ఉండేది సంస్కారం ఒక్కటే.

సుఖియాపోఖ్రి అన్న పేరును మ్యాపులో ఎవరైనా చదవవచ్చు. జోర్‌పోఖ్రి, కాలీపోఖ్రి, ఖేచియోపాల్రి అన్న పేర్లు కూడ అటువంటి పేర్లుగానే మిగులుతాయా, లేక వాటి వెనుక నీరు కూడ మిగులుతుందా అన్నది రాబోయే యాత్రికుల చేతిలో ఉన్నది. కాంచన్‌జంగ కొన కింద ఆ ఇద్దరు ఆంగ్లేయులు ఆగినట్లు, నీటి అంచుకు కొద్ది అడుగుల ఇవతల ఆగడం నేర్చినవాడే ఆ సరస్సును నిజంగా చూసినవాడు.